శీతాకాలపు ఎడారి రాత్రిని ఫొటో తీయడం ఎలా: ఇసుక నుంచి చుక్కల దాకా

"చుక్కలు బాగానే వచ్చాయి. కింద మాత్రం నల్లటి పట్టీ మిగిలింది. ఎక్కడ తప్పు చేశాను?"

ఎడారిలో ఒక రాత్రి గడిపి వచ్చినవారిలో చాలామంది అడిగే ప్రశ్న ఇదే. ఆకాశం విషయంలో పెద్దగా పొరపాట్లు జరగవు. చీకటి ఉండి, ఫోకస్ కుదిరి, ట్రైపాడ్ కదలకుండా ఉంటే చుక్కలు వాటంతట అవే వస్తాయి. ఫొటో చెడేది ఎక్కువగా నేల దగ్గరే. మన అడుగుల గుర్తులు, ఇసుకలోకి దిగిపోయిన ట్రైపాడ్, వెలుగు చాలని దిబ్బ, ఫోకస్‌లో లేని ఇసుక అలలు దానిని పాడుచేస్తాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఆకాశం కంటే ఇసుకకే ఎక్కువ చోటు ఇచ్చాను.

కెమెరాలో మాన్యువల్ మోడ్ వాడటం మీకు తెలుసని అనుకుంటున్నాను.

## 1. రాత్రిని ఎంచుకోండి

ముందు అమావాస్య ఎప్పుడో చూడండి. దానికి అటు నాలుగు, ఇటు నాలుగు రోజులు మనకు పనికొస్తాయి. సరిగ్గా అమావాస్య నాడే వెళ్లాలని పట్టుబట్టనక్కర్లేదు. నన్నడిగితే శుక్లపక్షపు తదియ, చవితి రాత్రులే మేలు. నెలవంక సూర్యాస్తమయం తర్వాత రెండు మూడు గంటలు పడమట ఉండి అస్తమిస్తుంది. ఆ కాసేపట్లో పక్కనుంచి పడే పలుచని వెలుగులో ఇసుక అలలన్నీ లేచి నిలబడినట్లు కనిపిస్తాయి. నేలను అప్పుడు తీసుకుని, చంద్రుడు దిగిపోయాక ఆకాశాన్ని తీసుకోవచ్చు.

చంద్రాస్తమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ప్రయాణం ఒక రోజు అటూ ఇటూ అయినప్పుడు ఈ లెక్క మరచిపోకండి.

సూర్యుడు అస్తమించగానే చీకటి పడినట్లు కాదు. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందకు దిగితే తప్ప ఆకాశం పూర్తిగా నల్లబడదు. ఉష్ణమండలానికి దగ్గరగా ఉన్న ఎడారుల్లో దీనికి దాదాపు గంటన్నర పడుతుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఇంకాస్త ఎక్కువ.

వాతావరణ సూచనలో మబ్బుల కంటే ముందు గాలి చూడండి. గాలి వేగంగా ఉంటే ఆకాశం నిర్మలంగా ఉన్నా లాభం లేదు. ఇసుక రేణువులు నేలమీద పాకడం మొదలైందంటే అవి లెన్స్ మీదకీ చేరతాయి. వాన పడి వెలిసిన మర్నాటి రాత్రి దొరికితే వదలకండి. దుమ్మంతా కడిగేసినట్లు దిగంతం దాకా చుక్కలు కనిపిస్తాయి.

చీకటిని కొలవడానికి బోర్టల్ కొలమానం ఉంది. 1 అంటే అచ్చమైన చీకటి, 9 అంటే నగరం నడిబొడ్డు. కాంతి కాలుష్య పటంలో 3 లేదా అంతకంటే తక్కువ ఉన్న చోటు వెతకండి. అంకెతో పాటు దిక్కు కూడా చూడాలి. దూరపు ఊరి వెలుగు మీరు ఫొటో తీసే దిక్కున ఉంటే, పటంలో 2 అని ఉన్నా చిత్రం అడుగున నారింజ రంగు మరక తప్పదు. ఊరు మీ వీపు వైపు ఉండేలా చోటు ఎంచుకోండి.

## 2. ఏ చుక్క, ఎప్పుడు, ఎక్కడ

ఉత్తరార్ధగోళపు శీతాకాలంలో పాలపుంత కేంద్రం కనబడదు. డిసెంబరులో అది సూర్యుడి వైపు ఉంటుంది. జనవరి చివర, ఫిబ్రవరిలో తెల్లవారుజామున ఆగ్నేయాన తిరిగి తొంగిచూస్తుంది. వేసవి ఫొటోల్లో చూసిన దట్టమైన కాంతి మేఘాల కోసం వస్తే నిరాశ తప్పదు. ఈ కాలపు పాలపుంత పలుచని పొగలా కాపెల్లా నక్షత్రం మీదుగా, పునర్వసుకూ, వేటగాడి ఆకారపు ఓరియన్ నక్షత్రరాశికీ నడుమ నుంచి, సిరియస్ నక్షత్రం పక్కగా కిందకు దిగుతుంది.

దానికి బదులుగా శీతాకాలం ఇచ్చేవి ప్రకాశవంతమైన నక్షత్రాలు. ఓరియన్, దాని భుజాన నారింజ రంగు ఆర్ద్ర, కాలి దగ్గర నీలి తెలుపు రైజెల్, పైన ఎర్రని రోహిణి, ఇంకా పైన కృత్తికల గుంపు, కింద సిరియస్. ఈ కాలపు చిత్రానికి కథానాయకులు ఇవే.

ఓరియన్ నడుములోని మూడు చుక్కలు దాదాపు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖ) మీద ఉన్నాయి. అందువల్ల మీరు ఏ ఎడారిలో ఉన్నా అవి సరిగ్గా తూర్పున ఉదయించి, సరిగ్గా పడమట అస్తమిస్తాయి. పగలు దిక్సూచితో తూర్పును గుర్తుపెట్టుకుంటే చాలు, రాత్రి ఓరియన్ ఏ దిబ్బ వెనక నుంచి లేస్తుందో ముందే తెలిసిపోతుంది.

సమయం లెక్క ఇది:

- డిసెంబరు మధ్యలో: చీకటి పడే వేళకు తూర్పున లేస్తుంది, అర్ధరాత్రికి దక్షిణాన నడినెత్తికి దగ్గరగా
- జనవరి మధ్యలో: రాత్రి 10 ప్రాంతంలో దక్షిణాన
- ఫిబ్రవరి మధ్యలో: రాత్రి 8 ప్రాంతంలో దక్షిణాన

రోజుకు నాలుగు నిమిషాల చొప్పున, నెలకు రెండు గంటలు ముందుకు జరుగుతుంది.

ఓరియన్ బాగా పైకెక్కాక నేలతో కలిపి ఫ్రేములో ఇరికించడం కష్టం. 27 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో అది దక్షిణాన 63 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. నేలా ఓరియన్ ఒకే చిత్రంలో పొందికగా కుదిరేది అది ఉదయించిన తొలి రెండు మూడు గంటల్లో, మళ్లీ పడమటికి వాలేటప్పుడు. డిసెంబరులో సాయంత్రం, ఫిబ్రవరిలో అయితే అర్ధరాత్రి దాటాక పడమటి దిక్కు చూసుకోండి.

కోణాల కోసం చేయి చాచి పిడికిలి బిగించండి. పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఆర్ద్ర నుంచి రైజెల్‌కు దాదాపు రెండు పిడికిళ్లు, కృత్తికల నుంచి సిరియస్‌కు ఆరు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 24 మిల్లీమీటర్ల లెన్స్ అడ్డంగా 74 డిగ్రీలు, నిలువుగా 53 డిగ్రీలు చూస్తుంది. అంటే మొత్తం ఊరేగింపు అందులో పడుతుంది. ఓరియన్ ఒక్కటే పెద్దగా కావాలంటే 35 లేదా 50 మిల్లీమీటర్లు.

అదనంగా దొరికేవి రెండు. డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కాపాతం ఉధృతంగా ఉంటుంది. ఆ రాత్రి కెమెరా ఆపకుండా తీస్తూనే ఉండాలి. ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో సంధ్య పూర్తిగా ఆరిపోయాక పడమట వాలుగా లేచే తెల్లని కాంతి శంకువును ఊరి వెలుగని పొరబడకండి. అది గ్రహాల నడుమ ఉన్న ధూళి మీద పడిన సూర్యకాంతి.

దక్షిణార్ధగోళంలో, అంటే అటకామా, నమీబ్ వంటి ఎడారుల్లో, శీతాకాలం జూన్ నుంచి ఆగస్టు వరకు. అక్కడ పాలపుంత కేంద్రమే తలమీద ఉంటుంది. నక్షత్రాల సంగతి మారినా, ధ్రువ నక్షత్రంతో చేసే పనులు తప్ప (అది అక్కడ కనబడదు) కింద చెప్పబోయే పద్ధతంతా అక్కడా వర్తిస్తుంది.

## 3. సంచిలో ఏముండాలి

- మాన్యువల్ మోడ్, రా ఫైలు (సెన్సరు ఇచ్చినదాన్ని మార్చకుండా దాచే ముడి ఫైలు) ఉన్న కెమెరా
- 14 నుంచి 24 మిల్లీమీటర్ల మధ్య వెడల్పాటి లెన్స్, ఎఫ్/2.8 లేదా అంతకంటే పెద్ద అపర్చర్‌తో
- బరువైన ట్రైపాడ్, దాని కాళ్ల కింద పెట్టడానికి మూడు చదునైన బిళ్లలు (పాత సీడీలు చాలు)
- వరుసగా ఫ్రేములు తీయగల రిమోట్
- కనీసం మూడు బ్యాటరీలు
- లెన్స్‌కు చుట్టే వేడి పట్టీ, దానికి పవర్ బ్యాంకు
- ఎర్ర వెలుగు ఉన్న హెడ్‌ల్యాంప్
- గాలి ఊదే రబ్బరు బల్బు, మెత్తని బ్రష్
- జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ సంచులు
- వేళ్ల కొసలు తెరిచే చేతితొడుగులు, చెవులు మూసే టోపీ, మందపాటి మేజోళ్లు

నీళ్లు, ఫస్ట్ ఎయిడ్, ఆఫ్‌లైన్ పటం ఉన్న ఫోను వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. చలికాలంలో దాహం తెలియదు కాబట్టి నీళ్ల సంగతి మరోసారి గుర్తుచేస్తున్నాను.

## 4. పగలే చోటు చూసుకోండి

సూర్యాస్తమయానికి కనీసం రెండు గంటల ముందు అక్కడ ఉండండి. ఈ ఒక్క నియమం పాటించినవారికి మిగతా సగం తప్పులు జరగవు.

మొదట నిలబడి చూడండి. దిబ్బ మీదకు పరుగెత్తకండి. ఎడారి ఇసుక ప్రతి అడుగునూ గుర్తుంచుకుంటుంది. పగటి ఎండలో కనిపించని జాడ రాత్రి పక్కవాటు వెలుగులో గుంతల వరుసలా తేలుతుంది. ఒకసారి నేను మంచి అంచున్న దిబ్బను చూసి, కోణం బాగుందో లేదో తెలుసుకోవడానికి నేరుగా దాని మీదుగా నడిచాను. కోణం చాలా బాగుంది. నా అడుగులు కూడా ఆ రాత్రంతా చిత్రం మధ్యలో బాగానే కనిపించాయి.

ఫ్రేములో పడబోయే ప్రాంతాన్ని ముందే నిర్ణయించి, దాని చుట్టూ తిరిగి వెనక నుంచి రండి. తోటివారు ఉంటే అందరూ ఒకే దారిలో నడవాలని అప్పుడే మాట్లాడుకోండి. చీకట్లో ఎవరి ఉత్సాహం వారిది.

గీత ఒకటి వెతకండి. దిబ్బ కొస మీద పదునైన అంచు, గాలి గీసిన అలలు, పగిలిన మట్టి పలకలు, ఎండిన చెట్టు, ఒంటరి బండ. ఏదో ఒకటి కంటిని కింద నుంచి ఓరియన్ దాకా తీసుకెళ్లాలి. పగలు అందంగా అనిపించిన దృశ్యం రాత్రి పనిచేస్తుందా అన్న అనుమానం వస్తే కళ్లు సగం మూసి చూడండి. రంగులు, వివరాలు పోయాక కూడా ఆకారం నిలిస్తే అది రాత్రికి పనికొస్తుంది.

దిక్కు సరిచూడండి. స్టెల్లేరియమ్, ఫొటోపిల్స్ వంటి యాప్‌లలో ఆ రాత్రి సమయం పెట్టి చుక్కలు ఎక్కడుంటాయో ఫోను ఎత్తి చూడండి. ఫోను దిక్సూచి కారు దగ్గర, ట్రైపాడ్ లోహం దగ్గర తప్పు చూపుతుంది. నాలుగడుగులు దూరం జరిగి చూడాలి.

రెండో ఫ్రేము కూడా పెట్టుకోండి. మొదటిది తూర్పుకైతే రెండోది ఉత్తరానికి, ధ్రువ నక్షత్రం వైపు. ఒక చోటు మబ్బేసినా రాత్రి వృథా కాదు.

భద్రత గురించి నాలుగు మాటలు. వాహనం ఉన్న చోటు, ట్రైపాడ్ పెట్టబోయే చోటు రెండూ పటంలో గుర్తుపెట్టండి. చీకటి పడ్డాక దిబ్బలన్నీ ఒకేలా ఉంటాయి. ఎండిన వాగు గర్భంలో గుడారం వేయకండి, ఎక్కడో దూరాన పడిన వానకు కూడా నీరు వచ్చేస్తుంది. రాళ్లను వట్టి చేత్తో ఎత్తకండి, చలికి తేళ్లు వాటి కిందే తలదాచుకుంటాయి. సరిహద్దు ప్రాంతాలు, రక్షిత ప్రాంతాలలో రాత్రి ఉండటానికి అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి. ఎప్పటికి తిరిగి వస్తారో బయట ఒకరికి చెప్పి వెళ్లండి.

## 5. ఇసుకలో ట్రైపాడ్ నిలబెట్టడం

మామూలుగా ట్రైపాడ్ కాళ్లలో లావు భాగాలను ముందు చాపుతాం. ఇసుకలో దీనిని తిరగేయాలి. అడుగున ఉన్న సన్నటి భాగాన్ని ముందు 15, 20 సెంటీమీటర్లు చాపండి. అప్పుడు బిగింపు మరలు ఇసుకకు పైన ఉంటాయి. వాటిలో ఇసుక చేరిందంటే రాత్రంతా కరకర శబ్దమే.

1. కాళ్ల కింద బిళ్లలు పెట్టండి, లేదా కాళ్లను గట్టి పొర తగిలేదాకా నొక్కి దింపండి.
2. మధ్య స్తంభాన్ని పూర్తిగా కిందకు దించండి.
3. కెమెరా పెట్టి, ట్రైపాడ్ తలను అరచేత్తో గట్టిగా నొక్కండి. దిగే ఇసుక ఇప్పుడే దిగాలి.
4. మట్టం సరిచూడండి.
5. కెమెరా పట్టీ తీసేయండి. గాలికి ఊగే పట్టీ చుక్కలను వణికిస్తుంది.
6. లెన్స్‌లో, కెమెరాలో ఉన్న కదలిక నివారణ ఆపేయండి.

ట్రైపాడ్ పక్కన మీరు అటూ ఇటూ నడిచినా వదులు ఇసుక కదులుతుంది. ఎక్స్‌పోజర్ నడుస్తున్నంతసేపు నిలుచున్న చోటే నిలవండి.

లెన్స్ మార్చే పని ఉంటే వాహనం లోపల, తలుపులు మూసి. దిబ్బ మీద వద్దు.

## 6. ఫోకస్

లెన్స్ మీద అనంతం గుర్తును నమ్మకండి. చాలా లెన్సుల్లో అది ఉజ్జాయింపు మాత్రమే.

1. ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చండి.
2. అపర్చర్‌ను ఫొటో తీయబోయే విలువ దగ్గరే పెట్టండి.
3. లైవ్ వ్యూలో ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యలోకి తెచ్చి గరిష్ఠంగా పెద్దది చేయండి.
4. రింగును నెమ్మదిగా తిప్పండి. చుక్క చిన్నదవుతూ పోయి మళ్లీ పెరగడం మొదలవుతుంది. అతి చిన్నగా ఉన్న చోటే ఫోకస్.
5. ఒక ఫ్రేము తీసి పెద్దదిగా చూడండి. చుక్కల చుట్టూ ఊదా లేదా ఆకుపచ్చ అంచు ఉంటే వెంట్రుక వాసి అటో ఇటో జరపండి.
6. రింగుకు చిన్న టేపు ముక్క అంటించండి.

దిగంతం దగ్గర మినుకుమినుకుమంటున్న సిరియస్ మీద ఫోకస్ చేయడం చికాకు. పైన ఉన్న కాపెల్లా లాంటి స్థిరమైన చుక్క మేలు.

టేపు అంటించినంత మాత్రాన పని అయిపోలేదు. ఎడారి గాలి పొడిగా ఉండటం, మబ్బు లేకపోవడం వల్ల నేల వేడి రాత్రి వేగంగా ఆకాశంలోకి పోతుంది. సాయంత్రానికీ అర్ధరాత్రికీ ఉష్ణోగ్రత బాగా పడిపోతే లెన్స్ లోహం కుంచించుకుని ఫోకస్ జరుగుతుంది. గంటకొకసారి, ఫ్రేము మార్చిన ప్రతిసారీ మళ్లీ సరిచూడండి.

## 7. ఎక్స్‌పోజర్: ఆకాశానికి

మొదట ఈ విలువలతో ఒక ఫ్రేము తీయండి:

- అపర్చర్: లెన్స్ గరిష్ఠం, లేదా దాని కంటే సగం స్టాపు తక్కువ
- షట్టర్: కింది లెక్క ప్రకారం
- ఐఎస్ఓ: 3200
- వైట్ బ్యాలెన్స్: 4000 కెల్విన్ దగ్గర స్థిరంగా
- ఫైలు: రా

షట్టర్‌కు ఒక పాత సూత్రం ఉంది: 500ను ఫోకల్ లెంగ్తుతో భాగించండి, వచ్చిన సెకన్లే గరిష్ఠం. 20 మిల్లీమీటర్లకు 25 సెకన్లు. ఈ కాలపు కెమెరాలకు ఇది మరీ ఉదారం. భూమి తిరగడం వల్ల మధ్యరేఖ దగ్గరి నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతాయి, ధ్రువం దగ్గరివి చాలా తక్కువ. ఓరియన్ ఉన్నదే మధ్యరేఖ మీద. 20 మిల్లీమీటర్ల లెన్స్, 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో 25 సెకన్లలో ఓరియన్ చుక్క ఆరు పిక్సెళ్లు జరుగుతుంది. 45 మెగాపిక్సెళ్లయితే ఎనిమిది. చుక్కకు బదులు బియ్యపు గింజ వస్తుంది.

అందుకే ఓరియన్ వైపు తీసేటప్పుడు నేను 500కు బదులు 250 పెట్టుకుంటాను. 20 మిల్లీమీటర్లకు 12 లేదా 13 సెకన్లు, 24కు 10. ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సరు ఉన్న కెమెరాలో ముందు ఫోకల్ లెంగ్తును 1.5తో (కొన్నింటిలో 1.6తో) హెచ్చించి, ఆ తర్వాత భాగించండి.

తీసిన ఫ్రేమును తెర వెలుగుతో అంచనా వేయకండి. చీకటికి అలవాటుపడిన కంటికి ఏ తెరైనా దేదీప్యమానమే. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపే గ్రాఫు) చూడండి. దాని గుట్ట ఎడమ గోడకు అతుక్కుపోకుండా, నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య ఉంటే చాలు. తెర వెలుగును కనిష్ఠానికి తగ్గించండి.

కూర్పు సరిచూసుకోవడానికి ప్రతిసారీ 13 సెకన్లు ఆగక్కర్లేదు. ఐఎస్ఓను 25600కు పెంచి రెండు సెకన్లలో గరుకుగా ఒక ఫ్రేము తీసి చూడండి. కుదిరాక వెనక్కి తగ్గించండి. తగ్గించడం మరచిపోకండి.

## 8. ఎక్స్‌పోజర్: నేలకు

నల్లటి పట్టీ సమస్య ఇక్కడ తీరుతుంది. ఆకాశానికి సరిపోయిన 13 సెకన్లు నేలకు సరిపోవు. నేలను వేరుగా తీసి తర్వాత కలపాలి. ట్రైపాడ్‌ను కదల్చకుండా ఇందుకు నాలుగు దారులున్నాయి.

సంధ్య వెలుగులో. సూర్యుడు దిగంతానికి 6 నుంచి 12 డిగ్రీల కింద ఉన్న వేళ నేల ఫ్రేములు తీసి ఉంచండి. నీడలు మెత్తగా, నాయిస్ (చీకటి ఫొటోల్లో కనిపించే గరుకుదనం) అతి తక్కువగా వస్తాయి. ఆ తర్వాత కెమెరాను తాకకుండా చీకటి కోసం కాచుకోవాలి. మరీ ముందుగా తీస్తే పగటి నేలకు రాత్రి ఆకాశం అతికించినట్లు ఉంటుంది. ఆలస్యంగా తీయడమే మంచిది.

నెలవంక వెలుగులో. నాకు ఇష్టమైన పద్ధతి ఇదే. చంద్రుడు పడమట, కెమెరా దక్షిణానికి చూస్తుంటే వెలుగు పక్కనుంచి పడుతుంది. కెమెరా తూర్పుకు చూస్తే వెలుగు వీపు వెనక నుంచి వచ్చి దిబ్బలన్నీ చదునైపోతాయి, మీ నీడ కూడా ఫ్రేములో పడవచ్చు.

చుక్కల వెలుగులోనే. ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600, నాలుగు నిమిషాలు. ఇసుక లేత రంగులో ఉంటే వివరాలు ఆశ్చర్యపరిచేంతగా వస్తాయి. నల్లరాతి నేలకు ఇది చాలదు. ఈ ఒక్క ఫ్రేముకు కెమెరాలోని దీర్ఘ ఎక్స్‌పోజర్ నాయిస్ తగ్గింపును ఆన్ చేయండి. నాలుగు నిమిషాల ఫ్రేముకు మరో నాలుగు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు.

చిన్న దీపంతో. మసక పలకలాంటి ఎల్ఈడీని స్టాండు మీద, కెమెరాకు బాగా పక్కగా, కనిష్ఠ వెలుగులో పెట్టండి. కంటికి వెలుగు ఉందా లేదా అనిపించేంత చాలు. కెమెరా పక్క నుంచి నేరుగా టార్చి కొడితే అలలన్నీ చచ్చిపోతాయి. చుట్టూ వేరే ఫొటోగ్రాఫర్లు ఉంటే అడగకుండా దీపం వెలిగించకండి.

ఫోకస్ సంగతి కూడా ఇక్కడే. ఆకాశం మీద ఫోకస్ పెట్టిన 20 మిల్లీమీటర్ల లెన్స్ ఎఫ్/2.8 దగ్గర సుమారు 5 మీటర్ల కంటే దగ్గరున్నదానిని స్పష్టంగా చూపదు. కాలి దగ్గరి ఇసుక అలలు కావాలంటే నేల కోసం మరో రెండు మూడు ఫ్రేములు తీయాలి: ఒకటి మీటరున్నర దూరాన ఫోకస్ పెట్టి, ఒకటి మూడు మీటర్ల దగ్గర, చివరిది దూరపు దిబ్బ మీద. సంధ్య వెలుగులో అయితే ఎఫ్/8 పెట్టుకునే వీలుంది, పని తేలిక. అన్నీ అయ్యాక మళ్లీ చుక్క మీద ఫోకస్ చేయడం మరవకండి.

ఎర్ర దీపం గురించి ఒక హెచ్చరిక. కంటికి మంచిదే, ఫొటోకు కాదు. నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో హెడ్‌ల్యాంప్ రెండు సెకన్లు వెలిగినా ఇసుక మీద ఎర్రటి మరక పడుతుంది, ఆ మరక కంప్యూటర్‌లో కూడా సులభంగా పోదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపు అన్నీ ఆపాలి, ఫోను తెరతో సహా.

## 9. ఆకాశానికి ఒక్క ఫ్రేము చాలదు

ఒకే సెట్టింగులతో వరుసగా 16 ఫ్రేములు తీయండి, మధ్యలో ఒక సెకను మాత్రమే విరామం. వాటిని కలిపితే నాయిస్ దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. తగ్గుదల ఫ్రేముల సంఖ్యకు వర్గమూలం లెక్కన ఉంటుంది, కాబట్టి 16 నుంచి 20 దాటాక శ్రమకు తగ్గ ఫలం తక్కువ. విమానాలు, ఉపగ్రహాల గీతలు కూడా ఈ కలపడంలోనే చెరిగిపోతాయి. ఈ వరుసకు మాత్రం దీర్ఘ ఎక్స్‌పోజర్ నాయిస్ తగ్గింపు ఆపి ఉండాలి. లేకపోతే ఫ్రేముల మధ్య ఖాళీలు వస్తాయి.

మసక ఫిల్టరు. అతి స్పష్టమైన లెన్స్‌తో తీస్తే వేల చుక్కల మధ్య ఓరియన్ ఆకారమే తప్పిపోతుంది. పెద్ద నక్షత్రాలూ చిన్నవీ ఒకే సైజులో పడతాయి. ఆకాశపు ఫ్రేముల్లో సగం మసక ఫిల్టరుతో తీయండి. ప్రకాశవంతమైన చుక్కలు ఉబ్బి, ఆర్ద్ర నారింజగా, రైజెల్ నీలంగా వాటి అసలు రంగు చూపిస్తాయి. నేల ఫ్రేములకు ఫిల్టరు తీసేయండి.

ట్రాకర్ ఉంటే. భూమి తిరిగే వేగంతో కెమెరాను తిప్పే ఈ పరికరంతో రెండేసి నిమిషాల ఫ్రేములు తీయవచ్చు. ధ్రువ నక్షత్రం ఎత్తు మీ అక్షాంశానికి దాదాపు సమానం కాబట్టి దానిని వెతకడం తేలిక. ఇసుకలో ట్రాకర్ కొంచెం కుంగినా సమరేఖనం పోతుంది, కనుక గట్టి నేల దొరికితేనే వాడండి. ఓరియన్ చుట్టూ ఉన్న ఎర్రని హైడ్రోజన్ వాయువును మామూలు కెమెరాలు సరిగా చూడవు. సెన్సరు ముందున్న ఫిల్టరు ఆ ఎరుపులో ఎక్కువ భాగాన్ని అడ్డుకుంటుంది. ఫొటోల్లో కనిపించే ఆ ఎర్రని వలయం రాలేదని దిగులుపడకండి.

చుక్కల జాడలు కావాలంటే. ధ్రువ నక్షత్రం వైపు కెమెరా తిప్పి, 30 సెకన్ల ఫ్రేములు గంట నుంచి రెండు గంటలు వరుసగా తీయండి. గంటకు 15 డిగ్రీల వంపు వస్తుంది. తూర్పుకు తిప్పితే వలయాలకు బదులు వాలుగా లేచే దాదాపు సరళరేఖలు వస్తాయి. దిబ్బ అంచు వాలుకు అవి ఎదురుగా ఉండేలా చూస్తే బాగుంటుంది.

## 10. చలి, మంచు, దుమ్ము

చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. మిగతావి లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచండి. అయిపోయిందని తీసిన బ్యాటరీని కూడా జేబులో వేయండి. వెచ్చబడ్డాక ఇంకొన్ని ఫ్రేములు ఇస్తుంది.

ఎడారిలో మంచు కురవదన్నది పూర్తిగా నిజం కాదు. తెల్లవారుజామున, వాన పడిన తర్వాత, తీరానికి దగ్గరి ఎడారుల్లో లెన్స్ అద్దం మీద తేమ పడుతుంది. వేడి పట్టీని తేమ పట్టాక కాకుండా మొదటి నుంచే తక్కువ వేడిలో ఉంచండి. లెన్స్ మీద ఇసుక రేణువు కనిపిస్తే ముందు గాలి ఊదండి, ఆపై బ్రష్. గుడ్డతో తుడిస్తే గీత ఖాయం.

## 11. ప్రతి వరుసకు ముందు చూసుకోవలసినవి

- ఫోకస్ మాన్యువల్‌లో ఉందా, టేపు జరగలేదా
- ఐఎస్ఓ పరీక్ష విలువ దగ్గర మిగిలిపోలేదా
- లెన్స్ మీద తేమ, ఇసుక లేవా
- మట్టం సరిగా ఉందా
- బ్యాటరీ సగానికి పైగా ఉందా
- చుట్టూ దీపాలన్నీ ఆరిపోయాయా

## 12. తరచూ జరిగే తప్పులు, సవరణలు

చుక్కలు అన్నీ ఒకే వైపు సాగాయి. షట్టర్ సమయం ఎక్కువైంది. సగానికి తగ్గించి, ఐఎస్ఓను రెట్టింపు చేయండి.

చుక్కలు వంకీలు తిరిగాయి. ట్రైపాడ్ కదిలింది. ఎత్తు తగ్గించి, కాళ్లు మళ్లీ నొక్కండి. రెండు సెకన్ల టైమరు వాడండి.

మూలల్లో చుక్కలకు రెక్కలు వచ్చాయి. అది లెన్స్ లోపం. ఎఫ్/1.4 నుంచి ఎఫ్/2కు మూయండి. ముఖ్యమైన నక్షత్రాలను మూలలకు దూరంగా ఉంచండి.

రాత్రి గడిచేకొద్దీ ఫొటోలు మసకబారాయి. లెన్స్ మీద హెడ్‌ల్యాంప్ వెలుగు వాలుగా వేసి చూడండి. తేమ ఉంటే వేడి పట్టీ, లేకపోతే ఫోకస్ జరిగినట్లు.

ఆకాశం ఆకుపచ్చగా ఉంది. వాతావరణపు పై పొరలు సహజంగానే మిణుకుతాయి. అది దోషం కాదు. కొంచెం ఉంచేయండి.

అడుగుల గుర్తులు పడ్డాయి. కెమెరాను దించి, మరో వైపుకు తిప్పండి. చేత్తో చదును చేయడానికి వెళితే కొత్త అడుగులు పడతాయి.

## 13. కంప్యూటర్ దగ్గర

వరుస ఇది: ఆకాశపు ఫ్రేములు కలపడం, నేల ఫ్రేములు కలపడం, రెండింటినీ దిగంతం దగ్గర అతకడం, చివరగా రంగు. ఆకాశం, నేల వేరుచేసి కలిపే పనికి సీక్వేటర్, మ్యాక్‌లో స్టారీ ల్యాండ్‌స్కేప్ స్టాకర్ వంటివి ఉన్నాయి. సీక్వేటర్ ఉచితం.

దిగంతం దగ్గర అంచుకు తెల్లటి గీత రాకుండా చూడండి. నేల వెలుగు ఎప్పుడూ ఆకాశం కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. నేల ఎంత శుభ్రంగా వచ్చినా దానిని పగలులా వెలిగించాలన్న ఆశను అదుపులో పెట్టుకోండి. ఇసుకకు నీలం మరీ ఎక్కించకండి, అది మంచు పొలంలా మారుతుంది.

## 14. సామాను సర్దేటప్పుడు

వెచ్చని గుడారంలోకి, గదిలోకి కెమెరాను నేరుగా తీసుకెళ్తే లోపలా బయటా తేమ పడుతుంది. మెమరీ కార్డు, బ్యాటరీ బయటే తీసేసి, కెమెరాను జిప్ సంచిలో మూసి, అప్పుడు లోపలికి తీసుకెళ్లండి. రెండు మూడు గంటలు తెరవకండి. తేమంతా సంచి మీదే పడుతుంది.

ట్రైపాడ్ కాళ్లను ముడవకముందే బ్రష్‌తో దులపండి. ఉప్పు నేల మీద నిలబెట్టి ఉంటే అదే రోజు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. రాత్రంతా కరకరలాడిన మర ఉంటే ఇంటికి వచ్చాక ఆ కాలు విప్పి, భాగాలను విప్పిన వరుసలోనే గుడ్డ మీద పరిచి శుభ్రం చేయండి. వరుస తప్పితే తిరిగి బిగించడానికి ఇంకో రాత్రి పడుతుంది.